ఆదివారం సాఫ్ట్‌బాల్ లీగులో ‘అత్యంత విలువైన ఆటగాడు’ ఎవరో ఎలా తేల్చాలి?

సుబేదారి లెఫ్ట్‌ఫీల్డర్:

అందరికీ నమస్కారం. హన్మకొండలో మేము కొందరం కలిసి ఈ చలికాలమంతా ఆదివారం ఉదయాల్లో సాఫ్ట్‌బాల్ (బేస్‌బాల్ లాంటి ఆట) లీగు ఆడుకున్నాము. బడి రోజుల్లో జిల్లా జట్లకు ఆడి, తర్వాత ఉద్యోగాల్లో పడి ఏళ్ల తరబడి గ్లవ్ ముట్టనివాళ్లు మాలో కొందరున్నారు. నాలాగా క్రికెట్ తప్ప మరో ఆట ఎరగకుండా వచ్చి చేరినవాళ్లు ఇంకొందరు. మొత్తం ఐదు జట్లు. ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసే ఆడతారు. వయసును దృష్టిలో పెట్టుకొని స్లో పిచ్ పద్ధతి ఎంచుకున్నాము. అంటే బంతి పిచర్ (బంతి వేసేవారు) చేతినుంచి వంపుగా పైకి లేచి దిగాలి, ఫీల్డింగులో తొమ్మిదిమందికి బదులు పదిమంది ఉంటారు. ఎనుమాముల మార్కెట్ నుంచి తెచ్చిన గోనె సంచుల్లో ఇసుక నింపి, 60 అడుగులు కొలిచి బేసులు (రన్ కోసం వరుసగా చుట్టి, మొదలైన చోటికి, అంటే హోమ్‌కు చేరాల్సిన మజిలీలు) వేసుకుంటాము. ముగ్గుపిండితో గీసిన గీత రెండో మ్యాచ్ నాటికి సగం చెరిగిపోతుంది.

ప్రతి జట్టూ మిగిలిన నాలుగు జట్లతో రెండేసిసార్లు, అంటే ఎనిమిదేసి మ్యాచ్‌లు ఆడింది. ఇక మిగిలింది వచ్చే ఆదివారం ఫైనల్ ఒక్కటే. కప్పుతోపాటు ‘అత్యంత విలువైన ఆటగాడు’ అని ఒక షీల్డు ఇవ్వాలని మొదట్లోనే అనుకున్నాము గానీ, దేన్నిబట్టి ఇవ్వాలో ఎవరమూ అనుకోలేదు. ఇప్పుడు తల పట్టుకొని కూర్చున్నాము. ముగ్గురి పేర్లు వినిపిస్తున్నాయి.

మొదటివారు కాజీపేట జట్టు ఫస్ట్ బేస్ ఆటగాడు. ఎనిమిది మ్యాచ్‌లలో ఆరే ఆడారు గానీ, 22 బ్యాటింగ్ అవకాశాల్లో 14 హిట్లు (బంతిని కొట్టి సొంతంగా బేస్ చేరినవి) కొట్టినట్టు మా స్కోరు పుస్తకంలో ఉంది. వాటిలో మూడు హోమ్ రన్లు, అంటే ఒకే దెబ్బకు బేసులన్నీ చుట్టి వచ్చినవి. సగటు 0.636. ఆయన బ్యాటు పట్టుకొని వస్తున్నారంటే నేను అడక్కుండానే పది అడుగులు వెనక్కి జరుగుతాను.

రెండోవారు మా జట్టు షార్ట్‌స్టాప్, అంటే సెకండ్, థర్డ్ బేసుల మధ్య నిలబడే ఫీల్డరు. ఎనిమిది మ్యాచ్‌లూ ఆడారు. 30 అవకాశాల్లో 12 హిట్లు, సగటు 0.400, ఆరుసార్లు వాక్ మీద (పిచర్ నాలుగు బంతులు గతి తప్పి వేసినందుకు, కొట్టకుండానే) బేస్ చేరారు. ఆయన విలువ బ్యాటులో కన్నా గ్లవ్‌లో ఉందని నా నమ్మకం. అయితే ఆయన వెనకాలే నిలబడి ఆడేవాణ్ని కనుక, నా మాటను పక్షపాతమని కొట్టేసినా తప్పు పట్టను.

మూడోవారు ఆఖరి స్థానంలో నిలిచిన జట్టు క్యాచర్ (బ్యాటర్ వెనక, హోమ్ ప్లేట్ దగ్గర బంతి పట్టేవారు). ఆమెకు 28 అవకాశాల్లో 11 హిట్లు, మూడు వాక్‌లు. ఆ జట్టు ఒక్క మ్యాచే గెలిచింది. కానీ తెల్లవారుజామున ఐదు గంటలకు ఒక్కొక్కరికి ఫోన్ చేసి, మంచులో బండి వెనక ఎక్కించుకొని తెచ్చి, ఒక్క ఆదివారం కూడా పదిమందికి తగ్గకుండా చూసింది ఆమే.

కెప్టెన్లు ఐదుగురినీ తలా ఒక పేరు చెప్పమంటే, కాకి పిల్ల కాకికి ముద్దన్నట్టు ఐదుగురూ తమ జట్టువారి పేరే చెప్పారు. షీల్డు చేసే దుకాణంవాడు గురువారం సాయంత్రానికల్లా పేరు కావాలంటున్నాడు. ఇలాంటి ఎంపికలు చేసిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి దారి చూపండి.

పాత పీఈటీ, పరకాల:

తమ్ముడూ, ముందు నీ స్కోరు పుస్తకం సంగతి చూద్దాము. 14 హిట్లు అన్నావు. అవన్నీ నిజంగా హిట్లేనా? నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో మండల స్థాయి పోటీలకు పిల్లలచేత స్కోరు రాయించేవాణ్ని. బ్యాటర్ ఫస్ట్ బేస్ మీద క్షేమంగా నిలబడ్డాడంటే చాలు, వాళ్లు హిట్ అని రాసేసేవారు. ఈ పొరపాటు పెద్దవాళ్లూ చేస్తారు.

ఫీల్డరు మామూలు ప్రయత్నంతో అవుట్ చేయగలిగిన బంతిని వదిలేస్తే అది ఫీల్డరు తప్పిదం, దాన్ని ఎర్రర్ అనాలి. బ్యాటర్‌కు అది ఒక అవకాశం ఖర్చయినట్టే గానీ హిట్ కాదు. అలాగే, సెకండ్ బేస్‌కు పరిగెత్తేవాణ్ని అవుట్ చేద్దామని ఫీల్డరు అటు విసిరినందువల్ల బ్యాటర్ ఫస్ట్ బేస్ చేరితే, అది ఫీల్డర్స్ ఛాయిస్. అదీ హిట్ కాదు. మన స్థాయి ఆటలో ఒక్కో ఇన్నింగ్స్‌కు ఒకటో రెండో బంతులు కాళ్ల సందుల్లోంచి పోతుంటాయి కనుక, ఈ రెండింటినీ వేరు చేయని పుస్తకంలో గట్టిగా పరిగెత్తేవాడి సగటు ఊరికే ఉబ్బిపోతుంది. నువ్వు చెప్పిన 0.636 తప్పని నేను అనడం లేదు. ఆ పద్నాలుగింటినీ ఒక్కొక్కటిగా గుర్తు చేసుకొని, ఆ రోజు మైదానంలో ఉన్న ఇద్దరు ముగ్గురిని అడిగి సరిచూసుకోమంటున్నాను.

రెండో మాట. బ్యాటింగ్ సగటులో వాక్‌లు కనిపించవు. బేస్ చేరిన నిష్పత్తి లెక్కించు: హిట్లు, వాక్‌లు కలిపి, మొత్తం అవకాశాలు, వాక్‌ల కూడికతో భాగించాలి. అసలు లెక్కలో బంతి తగిలి బేస్‌కు వెళ్లినవీ, శాక్రిఫైస్ ఫ్లైలూ (తాను క్యాచ్ అవుటైనా బేస్ మీదివాణ్ని హోమ్‌కు చేర్చిన దెబ్బలు) కూడా వస్తాయి గానీ మీ లీగుకు ఇది చాలు. మీ షార్ట్‌స్టాప్‌కు 36లో 18, అంటే సరిగ్గా 0.500. వాక్ అంటే పిచర్ దయ అనుకునేవాళ్లున్నారు. వంపుగా తేలుతూ వచ్చే బంతిని చూసి చేతులు దురద పెట్టకుండా ఆపుకోవడం ఎంత కష్టమో ఒకసారి బ్యాటు పట్టుకుంటే తెలుస్తుంది.

ఎవరి బ్యాటు మీద ఎన్ని రన్లు వచ్చాయన్న లెక్క జోలికి మాత్రం పోకు. ముందువాళ్లు బేసుల మీద ఉంటేనే కదా వెనకవాడు వాళ్లను హోమ్‌కు తెచ్చేది.

కాజీపేట జంక్షన్:

నేను మీ మొదటి అభ్యర్థి జట్టులోనే సెకండ్ బేస్ ఆడుతాను కనుక, నాదీ పక్షపాతమే అనుకొని చదవండి. ‘ఎనిమిదిలో ఆరే ఆడారు’ అని రాశారు గానీ, ఎందుకో రాయలేదు. అన్న రైల్వేలో రన్నింగ్ స్టాఫ్. ఆయన డ్యూటీకి ఆదివారమూ తెలియదు, సంక్రాంతీ తెలియదు. ఒక ఆదివారం రాత్రంతా డ్యూటీ చేసి, ఉదయం దిగి, ఇంటికి కూడా పోకుండా సంచీతో నేరుగా మైదానానికి వచ్చి ఆడారు. ఆ రోజు మీ జట్టు మీదే హోమ్ రన్ కొట్టారు. లెఫ్ట్ ఫీల్డరుగా మీకు ఆ బంతి గుర్తుండాలి. రాలేకపోయిన రెండు మ్యాచ్‌లను ఆయన ఖాతాలో లోటుగా రాయడం న్యాయం కాదు. పైగా ఆయన లేని ఆ రెండు మ్యాచ్‌లూ మేము ఓడిపోయాము. ఒక మనిషి లేకపోతే జట్టు ఏమవుతుందన్నదే విలువకు కొలమానమైతే, ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఎర్రర్ల గురించి పెద్దసార్ చెప్పింది ఒప్పుకుంటాను గానీ, ఒక సందేహం ఉంది. మెల్లగా దొర్లుకుంటూ వచ్చే బంతిని ఎవరూ వదలరు. అన్న కొట్టిన బంతి చెవి పక్కనుంచి ఈల వేసుకుంటూ పోతుంది. ఫీల్డరు తడబడితే అందులో కొట్టినవాడి గొప్ప కొంచెమైనా ఉండదా?

ఫైనల్ అయ్యాక, గెలిచిన జట్టువాళ్లకే ఇద్దామని ఎవరైనా అంటే దానికీ నేను ఒప్పుకోను. 2003 క్రికెట్ ప్రపంచ కప్‌లో మనవాళ్లు ఫైనల్ ఓడిపోయినా, 673 పరుగులు చేసిన సచిన్‌కే టోర్నీ ఉత్తమ ఆటగాడి పురస్కారం ఇచ్చారు. దాన్ని తప్పన్నవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు.

నిజామాబాద్ స్కోరర్:

పైన వచ్చిన మాటలన్నీ బ్యాటు చుట్టే తిరుగుతున్నాయి. షార్ట్‌స్టాప్ విలువ గ్లవ్‌లో ఉందని అన్న రాశారు గానీ, దానికి లెక్క చూపలేదు; బహుశా లెక్క లేదనుకుంటున్నారు. నిజానికి అది మీ పుస్తకంలోనే ఉంది, కాకపోతే మీరు తెరిచిన పేజీలో లేదు.

స్కోరు రాసేటప్పుడు ఒక్కో స్థానానికి ఒక్కో అంకె ఉంటుంది: పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, షార్ట్‌స్టాప్ 6, లెఫ్ట్ ఫీల్డ్ 7, సెంటర్ 8, రైట్ 9, స్లో పిచ్‌లో అదనంగా నిలబడేవారికి 10. షార్ట్‌స్టాప్ బంతి అందుకొని ఫస్ట్ బేస్‌కు విసిరి అవుట్ చేస్తే, ఆ బ్యాటర్ గడిలో 6-3 అని రాస్తారు. సెకండ్ బేస్‌కు విసిరితే, అక్కడినుంచి ఫస్ట్ బేస్‌కు పోయి ఇద్దరూ అవుట్ అయితే, 6-4-3. మీ షార్ట్‌స్టాప్ చేసిన పని మీ జట్టు పేజీలో కనిపించదు, ఎదుటి జట్టు బ్యాటింగ్ పేజీల్లో వాళ్ల అవుట్ల కింద పడి ఉంటుంది. ఆ పేజీలు తీసి, గడుల్లో ఆరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి. పక్కనే అవే మ్యాచ్‌లలో ఎదుటి జట్ల షార్ట్‌స్టాప్‌ల లెక్క కూడా రాయండి. ఎర్రర్లు రాసి ఉంటే ఆరో నంబరు ఎర్రర్లను కూడా విడిగా రాయండి, మంచిని మాత్రమే లెక్కపెడితే అది లెక్క కాదు.

కాజీపేట జంక్షన్ గారి సందేహం చిన్నది కాదు. గట్టిగా కొట్టిన బంతికే తడబాట్లు ఎక్కువన్నది మైదానంలో నిలబడినవాళ్లందరికీ తెలుసు. అందుకే నేను స్నేహపూర్వక పోటీలకు స్కోరు రాసేటప్పుడు, ఎర్రర్ మీద బేస్ చేరినవాటిని హిట్లలో కలపను గానీ, చెరిపేయకుండా పక్కన ఇంకో వరుసలో ఉంచుతాను. ఓటు వేసేవాళ్లు రెండూ చూసుకొని, ఎంత బరువు ఇవ్వాలో వాళ్లే నిర్ణయించుకుంటారు.

ఫస్ట్ బేస్ అన్న లేని రెండు మ్యాచ్‌లూ ఓడిపోయారన్నది మాత్రం నాకు అంత బలంగా అనిపించలేదు. రెండే మ్యాచ్‌లు కదా. ఆ రోజు ఇంకెవరు రాలేదో, ఎదుట ఎవరున్నారో కూడా చూడాలి.

ఇక ఓటు విషయం. అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్‌కు ఈ పురస్కారాన్ని క్రీడా విలేకరులు ఓట్లతో నిర్ణయిస్తారు. ఒక్కొక్కరు పది పేర్లు వరుసగా రాయాలి. మొదటి పేరుకు 14 పాయింట్లు, రెండోదానికి 9, మూడోదానికి 8, అలా దిగుతూ పదోదానికి 1. ఒకే పేరు రాయమంటే ఎవరి మనిషిని వారు రాసి చేతులు దులుపుకుంటారు. వరుస రాయమంటే రెండో పేరు, మూడో పేరు దగ్గర అసలు అభిప్రాయం బయటపడుతుంది. మీ ఐదుగురు కెప్టెన్లకు మూడు పేర్లు చాలు: 5, 3, 1 పాయింట్లు. తన జట్టువారి పేరు రాయకూడదన్నది ఒక్కటే షరతు. అప్పుడు ఏ అభ్యర్థికైనా వచ్చేవి నాలుగు ఓట్లే, గరిష్ఠంగా 20 పాయింట్లు. ఎవరికీ అన్యాయం జరగదు.

అక్కడా ఓట్లను లీగు మ్యాచ్‌లు అయిపోగానే, నాకౌట్ మొదలయ్యే ముందే తీసుకుంటారు. ఆఖరి స్థానంలో నిలిచిన జట్టులోంచి కూడా ఎన్నుకున్నారు: 1987లో షికాగో కబ్స్ ఆటగాడు ఆండ్రీ డాసన్‌ను, 2003లో టెక్సాస్ రేంజర్స్ ఆటగాడు అలెక్స్ రోడ్రిగెజ్‌ను. రెండు జట్లూ ఆ ఏడాది తమ విభాగాల్లో అట్టడుగునే ఉన్నాయి. కాబట్టి మీ క్యాచర్ అక్క పేరును జట్టు స్థానాన్ని బట్టి కొట్టేయకండి.

పాత పీఈటీ, పరకాల:

అమ్మా, ఆరో అంకె లెక్క బాగుంది, నాకు తట్టలేదు. కానీ ఒక జాగ్రత్త చెప్పాలి. కుడిచేతి బ్యాటర్లు ఎక్కువగా బంతిని తమ ఎడమవైపు, అంటే థర్డ్ బేస్, షార్ట్‌స్టాప్ వైపే లాగి కొడతారు. పిచర్ బంతిని ఎక్కడ దింపుతాడన్నదాన్నిబట్టి కూడా షార్ట్‌స్టాప్‌కు వచ్చే బంతుల సంఖ్య మారుతుంది. ఆరు ఎక్కువసార్లు కనిపించిందంటే అందులో పిచర్ వాటా కూడా ఉన్నట్టే.

ఫైనల్‌కు ముందే ఓటు తీసుకోమన్నదాన్నీ సమర్థిస్తాను. దానివల్ల నవ్వులపాలు కావచ్చునని ఎవరైనా అంటారేమో. 2002 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో జర్మనీ గోల్‌కీపర్ ఒలివర్ కాన్‌ను ఫైనల్‌కు ముందు వేసిన ఓట్లతోనే ఉత్తమ ఆటగాడిగా ఎన్నుకున్నారు. తీరా ఫైనల్‌లో ఆయన చేతుల్లోంచి బంతి జారి బ్రెజిల్‌కు మొదటి గోల్ వచ్చింది. అప్పుడు చాలామంది నవ్వారు. నేను నవ్వలేదు. అంతకు ముందు మ్యాచ్‌లలో జర్మనీని ఫైనల్ దాకా మోసుకొచ్చింది ఆ చేతులే మరి.

సుబేదారి లెఫ్ట్‌ఫీల్డర్:

నిన్న రాత్రి భోజనాలయ్యాక పుస్తకం ముందేసుకొని కూర్చున్నాను. పొద్దుటి మంచుకు తడిసి కొన్ని పేజీల్లో సిరా పాకిపోయింది గానీ, చదవడానికి వీలుగానే ఉంది.

ముందు హిట్ల సంగతి. కాజీపేట అన్న 14 హిట్లను ఆ మ్యాచ్‌లలో స్కోరు రాసిన ఇద్దరితో, ఎదుటి జట్ల కెప్టెన్లతో మాట్లాడి సరిచూశాను. వాటిలో మూడు ఎర్రర్లు, ఒకటి ఫీల్డర్స్ ఛాయిస్ అని తేలింది. హోమ్ రన్లు మూడూ నిఖార్సయినవే. ఎర్రర్లలో ఒకటి ఎవరిదో దాచడం ఎందుకు, నాదే: నేరుగా గ్లవ్‌లోకి వచ్చిన బంతిని వదిలేశాను, అది పుస్తకంలో ఇన్నాళ్లూ డబుల్‌గా, అంటే రెండు బేసుల హిట్‌గా ఉండిపోయింది. ఇప్పుడు ఆయనకు 22లో 10 హిట్లు, సగటు 0.455, ఉన్న ఒక్క వాక్ కలిపితే బేస్ చేరిన నిష్పత్తి 0.478. మిగిలిన ఇద్దరి హిట్లనూ ఇలాగే జల్లెడ పట్టాను, మార్పేమీ రాలేదు. షార్ట్‌స్టాప్‌కు 0.500, క్యాచర్‌కు 31లో 14, అంటే 0.452. ముగ్గురి మధ్య ఉందనుకున్న అగాధం కాస్తా పిల్లకాలువంత అయింది. అయితే షార్ట్‌స్టాప్ హిట్లన్నీ సింగిల్సే, అంటే ఒక్కో బేస్‌వే. ఒక్కో హిట్‌కు ఎన్ని బేసులు వచ్చాయో చూస్తే కాజీపేట అన్న ఇప్పటికీ చాలా ముందున్నారు.

ఆరో అంకె లెక్క ఐదు మ్యాచ్‌లకే దొరికింది. మిగిలిన మూడింట్లో స్కోరు రాసినవాడు గడిలో ‘అవుట్’ అని మాత్రమే రాశాడు. ఆ చేతిరాత కూడా నాదే కనుక ఎక్కువ మాట్లాడను. ఆ ఐదు మ్యాచ్‌లలో మా షార్ట్‌స్టాప్ చేయి పడిన అవుట్లు 22, ఎదుటి జట్ల షార్ట్‌స్టాప్‌లవి అన్నీ కలిపి 13. మావాడి పేరున ఎర్రర్లు రెండున్నాయి. పెద్దసార్ చెప్పినట్టు మా పిచర్ బంతిని బ్యాటర్ ఒంటికి దగ్గరగా దింపుతాడన్నది నిజమే, ఆ మాట కూడా కాగితం మీద రాశాను.

ఈ లెక్కలున్న రెండు పేజీలూ ఫొటో తీసి ఐదుగురు కెప్టెన్లకూ పంపాను. ఎర్రర్ మీద బేస్ చేరినవి పక్క వరుసలో ఉన్నాయి. వాళ్లు బుధవారం రాత్రిలోగా మూడు పేర్లు వరుసగా రాసి పంపుతారు, తమ జట్టువాళ్లవి కాకుండా. నాకు ఓటు లేదు, అక్కర్లేదు కూడా.

హోమ్ ప్లేట్ వెనకాల:

మీ మూడో అభ్యర్థిని నేనే. నా పేరు మీద ఇంత చర్చ జరుగుతోందని మా రైట్ ఫీల్డరు చెబితే వచ్చి చదివాను.

తెల్లవారుజామున ఫోన్లు చేయడం, బండి మీద ఎక్కించుకు రావడం ఆట కాదన్నా. దానికి షీల్డు ఇస్తే మా జట్టువాళ్లే వచ్చే ఏడాది, ‘అక్కకు షీల్డు కావాలి కాబట్టి ఫోన్ చేస్తోంది’ అని ఆటపట్టిస్తారు. నా పేరు కాగితం మీద ఉంచాలనుకుంటే, హోమ్ ప్లేట్ దగ్గర నేను ఆపిన రన్లకు, కొట్టిన పదకొండు హిట్లకు ఉంచండి. అవి మిగిలిన ఇద్దరికన్నా తక్కువనిపిస్తే మొహమాటం లేకుండా మూడో పేరుగా రాయండి, లేదా అసలే రాయకండి. పొద్దున్నే మనుషులను పోగుచేసే పనికి విలువ కట్టాలనిపిస్తే, వచ్చే ఏడాది ఆ పని ఇంకో ఇద్దరికి పంచండి.

కాజీపేట జట్టు సెకండ్ బేస్ తమ్ముడికి ఒక మాట. మీ అన్న డ్యూటీ దిగి వచ్చి ఆడిన ఆ మ్యాచ్‌కు నేను పక్కనే కూర్చొని స్కోరు రాశాను. ఆ హోమ్ రన్ గీతకు లోపలే పడింది, అందులో అనుమానం లేదు. నాకు ఓటుంటే మొదటి పేరు షార్ట్‌స్టాప్‌దే రాసేదాన్ని, ఎందుకంటే ఆయన ఎదుట ఉన్నప్పుడు మా జట్టులో అందరం బంతిని అటు వెళ్లకుండా కొట్టాలని చూసేవాళ్లం. అలా చూసి చూసి రైట్ ఫీల్డుకు గాలిలోకి లేపి అవుటయ్యేవాళ్లం. ఆ అవుట్లు మీ ఆరో అంకె లెక్కలోకి రావు.

ఇంకొకటి. షీల్డు మీద ‘అత్యంత విలువైన ఆటగాడు’ అని రాయిస్తున్నారా? ఐదు జట్లలో ఆడవాళ్లం పద్నాలుగుమందిమి ఆడాము.

సుబేదారి లెఫ్ట్‌ఫీల్డర్:

అక్కా, ఆ మాట తట్టనందుకు సిగ్గుపడుతున్నాను. ఇప్పుడే దుకాణానికి ఫోన్ చేశాను. నమూనాలో అతను తన అలవాటు ప్రకారం ‘బెస్ట్ ప్లేయర్’ అని వేసి ఉంచాడట. ‘బెస్ట్’ తీసేయించి, ‘అత్యంత విలువైన ప్లేయర్’ అని పెట్టమన్నాను. కింది వరుస గురువారం దాకా ఖాళీగా ఉంచుతానన్నాడు. పుస్తకంలో మీరు హోమ్ ప్లేట్ దగ్గర ఆపిన రన్ల లెక్క ఎక్కడా లేదు. క్యాచర్ అంకె రెండు కనుక, ఈ రాత్రికి రెండో అంకె కోసం పేజీలు మళ్లీ తిరగేసి, ఆ వరుస కూడా కెప్టెన్లకు పంపుతాను.